సాలీళ్ల పిచ్చితో ఫెడివర్స్‌లో పడ్డాను: మాస్టోడాన్, బ్లూస్కై, లెమ్మీలో మన గుంపు దొరుకుతుందా?

ముందే చెప్పేస్తున్నా, నాకు సాలీళ్ల పిచ్చి. మాక్రో లెన్స్ పట్టుకుని గోడ మూలల్లో, ఆకుల అడుగున, కిటికీ చట్రాల్లో గంటలు గంటలు వెతుకుతుంటాను. ముఖ్యంగా గెంతే సాలీళ్లు. వాటికి ఎనిమిది కళ్లుంటే ముందున్న రెండు మాత్రం హెడ్‌లైట్లలా పెద్దగా ఉంటాయి, కెమెరా దగ్గరికి తెస్తే పారిపోవడం మానేసి తిరిగి మనల్నే చూస్తాయి, ఆ చూపుకి ఒకసారి పడిపోయినవాళ్లు ఇక బాగుపడరు. ఆ ఒక్క కుటుంబంలోనే 6,000కి పైగా జాతులున్నాయి, అంటే మనం తీసిన ఫోటో ఏ జాతిదో తేల్చాలంటే తెలిసినవాళ్లు పక్కన ఉండాల్సిందే. ఇంట్లో చూపిస్తే ఫోన్ అవతల పడేస్తారు. ఆఫీసులో చూపిస్తే కుర్చీ జరుపుకుంటారు. కాబట్టి నాకు కావలసింది యాప్ కాదు, నాలాంటి ఇంకో యాభై మంది పిచ్చివాళ్లు.

ఇంతకుముందు ఒక పెద్ద సైట్‌లో మాకు గ్రూపు ఉండేది. రానురాను ఒకరు పెట్టింది ఇంకొకరికి కనపడటం మానేసింది, మధ్యలో ప్రకటనలు, ఎవరో తెలియని మనుషుల డాన్సులు, వాటి కింద తిట్లు. గ్రూపుని ఎవరూ మూసేయలేదు, దానంతటదే నీరసించిపోయింది. అప్పుడు అందరూ అంటున్న ఈ డీసెంట్రలైజ్డ్, అంటే ఒక్క కంపెనీ చేతిలో ఉండని, సోషల్ మీడియా సంగతి చూద్దామని దిగాను. ఏడు నెలలైంది. ఇక్కడ ఏ యాప్ అందంగా ఉంది, ఏది బ్యాటరీ తింటుంది అని చెప్పను. ఒక్కటే చూశాను: ఎవరూ తెలియకుండా కొత్తగా చేరినవాడికి తన గుంపు ఎంత తొందరగా, ఎంత కష్టపడితే దొరుకుతుంది.

అసలు ఇబ్బంది ఎక్కడుందో అర్థం కావాలంటే ఒక్క ముక్క చెప్పాలి. మాస్టోడాన్ అనేది ఒక సైట్ కాదు. జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది, దాన్ని ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని నడుపుకోవచ్చు, అలాంటి సర్వర్లు వేలల్లో ఉన్నాయి, అవన్నీ యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ దాన్ని 2018 జనవరిలో అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. ఈ పద్ధతి వాడే మాస్టోడాన్, ఫోటోల పిక్సెల్‌ఫెడ్, వీడియోల పీర్‌ట్యూబ్, విషయాలవారీ చర్చల లెమ్మీ అన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ దీని వెనక ఉన్న చిక్కు చేరేముందు ఎవరూ చెప్పరు: అందరి పేర్లూ ఉన్న రిజిస్టర్ ఎక్కడా లేదు. మీ సర్వర్‌కి ఎంత ప్రపంచం తెలుసో మీకూ అంతే కనిపిస్తుంది. నా ఏడు నెలల కష్టమంతా ఈ ఒక్క మాట ఆలస్యంగా తెలియడం వల్లే.

నేను చేసిన మొదటి తప్పు, పేరు ముద్దుగా ఉందని ఒక బుల్లి సర్వర్‌లో చేరడం. పేరెందుకులే. రెండు వందల మంది ఉంటారేమో. లాగిన్ అయ్యాను, సెర్చ్ పెట్టెలో స్పైడర్ అని కొట్టాను. మూడు వచ్చాయి. ఒకటి ఎవరిదో కారు బొమ్మ, ఒకటి ఏడాది కిందటి పోస్టు, మూడోది 'మా బాత్రూంలో స్పైడర్ ఉంది, కాపాడండి' అని. ఇంత పెద్ద ఫెడివర్స్‌లో సాలీళ్లని ప్రేమించే మనిషే లేడా అని నిజంగానే దిగులేసింది. వారం రోజులు యాప్ తెరవలేదు.

తర్వాత తెలిసింది, అక్కడ మూడు తలుపులు ఒకదాని వెనక ఒకటి మూసి ఉన్నాయని. ఒకటి, బయటి సర్వర్లలోని పోస్టులు మన సర్వర్‌కి వాటంతటవి రావు, మామూలుగా మన సర్వర్‌లో కనీసం ఒక్కరైనా ఆ మనిషిని ఫాలో అయితేనే వస్తాయి. రెండు వందల మందిలో సాలీళ్ల మనిషిని నేనొక్కణ్ణే, నేనేమో ఇంకా ఎవర్నీ ఫాలో కాలేదు, ఇక ఏం వస్తాయి? రెండు, పోస్టుల లోపలి మాటల్ని వెతకాలంటే అడ్మిన్, అంటే సర్వర్ నడిపే మనిషి, అందులో ఎలాస్టిక్‌సెర్చ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నడపాలి, అది మెమరీ బాగా తింటుంది కాబట్టి చిన్న సర్వర్లవాళ్లు చాలామంది పెట్టుకోరు, అప్పుడు సెర్చ్‌లో అకౌంట్ పేర్లు, హ్యాష్‌ట్యాగులే దిక్కు. మూడు, అది ఉన్నా సరే, రాసినవాళ్లు 'నా పోస్టుల్ని వెతకనివ్వండి' అని సెట్టింగ్స్‌లో ఒప్పుకుని ఉండాలి. ఈ ఏర్పాటు 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 4.2 వెర్షన్‌తో మొదలైంది, అంతకుముందు అదీ లేదు. ఇది లోపమా అంటే కాదు, కావాలనే అలా చేశారు. ఎవరో ఒక మాట వెతికి పట్టుకుని గుంపుగా వచ్చి మీద పడటం వేరే చోట్ల చూసినవాళ్లు కట్టిన ఊరు ఇది, అందుకే తలుపులకి గొళ్లాలు ఎక్కువ. నాకు ఆ కారణం నచ్చింది. కానీ కొత్తగా చేరినవాడికి ఈ ముక్క మొదటి రోజే చెప్పకపోవడం మాత్రం నచ్చలేదు.

దారి ఎలా దొరికిందంటే, ఒకరోజు విసుగొచ్చి, లాగిన్ లేకుండానే ఒక పెద్ద సర్వర్ పేజీకి వెళ్లి అక్కడ హ్యాష్‌ట్యాగ్ పెట్టి చూశాను. చాలా పెద్ద సర్వర్లలో హ్యాష్‌ట్యాగ్ పేజీలు బయటివాళ్లకీ కనిపిస్తాయి. అబ్బ, అక్కడ కుప్పలు కుప్పలు! సాలెగూడు మీద మంచు బిందువులు, గుడ్ల సంచి మోసుకెళ్తున్న తల్లి, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకున్న తోడేలు సాలీడు, కింద నలుగురు చేరి అది ఏ జాతో వాదించుకోవడం. ఊరంతా ఉంది, నా కిటికీ అటువైపు లేదంతే. అక్కడ కనపడ్డ మనుషుల పూర్తి అడ్రసులు, అంటే పేరు, @, సర్వర్ పేరు, ఒక్కొక్కటీ కాపీ చేసుకొచ్చి నా సెర్చ్ పెట్టెలో పెట్టాను. పూర్తి అడ్రసు ఇస్తే నా సర్వర్ వెళ్లి ఆ మనిషిని పట్టుకొస్తుంది. ప్రొఫైల్ తెరిస్తే పోస్టులు ఖాళీగా కనపడతాయి, కంగారు పడొద్దు, పాతవి రావు, ఫాలో కొట్టినప్పటి నుంచే వస్తాయి, పాతవి కావాలంటే అసలు పేజీకి వెళ్లి చూడాలి. కూలిపని లాంటిదే. ఒక సాయంత్రం కూర్చుని ముప్పై మందిని అలా మోసుకొచ్చాను.

రెండు రోజుల్లో నా టైమ్‌లైన్ నిండిపోయింది. తమాషా ఏంటంటే నేను ఫాలో అయినవి సర్వర్ మొత్తానికీ ఉన్న ఫెడరేటెడ్ టైమ్‌లైన్‌లో కూడా కనపడతాయి కదా, మూడో రోజు ఎవరో 'ఈ వారం ఎక్కడ చూసినా సాలీళ్లేంటి బాబోయ్' అని రాశారు. నేను నోరు మెదపలేదు.

మాస్టోడాన్‌లో మనుషుల్ని మించి పనికొచ్చేది హ్యాష్‌ట్యాగ్. 2022 నవంబర్‌లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి మనిషిని ఫాలో అయినట్టే హ్యాష్‌ట్యాగ్‌ని కూడా ఫాలో అవ్వొచ్చు, ఆ ట్యాగ్ ఉన్న పోస్టులు నేరుగా మన హోమ్‌లోకి, అంటే మనం ఫాలో అయినవి కనిపించే టైమ్‌లైన్‌లోకి, వస్తాయి. మళ్లీ అదే మెలిక, మన సర్వర్‌కి అందినవి మాత్రమే. ఇంకో ఇబ్బంది, జనం ఒక్క ట్యాగ్ వాడరు. ఏకవచనం ఒకరు, బహువచనం ఒకరు, లాటిన్ పేరు ఇంకొకరు, మాక్రో ఫోటోగ్రఫీ అని ఇంకొకరు. ఫోన్ యాప్‌లో అన్నీ విడివిడిగా ఫాలో అయితే హోమ్ కలగాపులగం అయిపోతుంది. దీనికి మందు కంప్యూటర్‌లో ఉంది: సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ వెబ్ ఇంటర్‌ఫేస్ ఆన్ చేస్తే స్క్రీన్ నిలువు వరుసలుగా మారుతుంది, ఒక హ్యాష్‌ట్యాగ్ వరుసలోకే ఇంకొన్ని ట్యాగులు కలపొచ్చు, కొన్ని వద్దనీ చెప్పొచ్చు. నాకు ఒక వరుస మొత్తం ఎనిమిది కాళ్లవే.

ట్యాగుల్లోనే ఊరి పండగలు కూడా దాగి ఉంటాయి. శనివారం పిల్లుల ఫోటోలకి క్యాటర్‌డే అని, ఆదివారం మాటల్లేని ఫోటోకి సైలెంట్ సండే అని, నాచు పిచ్చివాళ్లయితే మాస్టోడాన్ పేరునే విరిచి 'మాస్' అంటే నాచు కాబట్టి మాస్‌టోడాన్ అని పెట్టుకున్నారు. ఇలాంటి ట్యాగ్ ఒకటి కనపడిందంటే దాని వెనక గుంపు ఉందని అర్థం. మామూలు మాట ట్యాగ్‌లో దారినపోయే జనం ఉంటారు, ఇలా విరిచి కట్టిన ట్యాగ్‌లో మాత్రం కాపురం ఉండేవాళ్లు ఉంటారు.

నా మొదటి పోస్టు సంగతి చెప్పాలి. మంచి ఫోటో, గెంతే సాలీడు మొహం, స్క్రీన్ నిండా. పెట్టాను. ఒక్క బూస్ట్ లేదు, అంటే దాన్ని తమ ఫాలోవర్లకి పంచినవాళ్లు ఒక్కరూ లేరు. అరగంటకి ఒకావిడ చాలా మర్యాదగా రాసింది: 'ఫోటో అద్భుతం, కానీ సాలీళ్లంటే భయపడేవాళ్లు ఇక్కడ ఉన్నారు, కంటెంట్ వార్నింగ్ (ఫోటోని కప్పి ముందు హెచ్చరిక చూపించేది) పెడితే బాగుంటుంది, అలాగే ఆల్ట్ టెక్స్ట్ లేదు, అది రాస్తే బూస్ట్ చేస్తాను.' మొదట చిరాకేసింది, నా సాలీడుకి వార్నింగ్ ఏంటి అని. తర్వాత ఆలోచిస్తే నాకూ కొన్ని చూడాలంటే భయమే, పాముల ఫోటో అకస్మాత్తుగా వస్తే నేనూ ఉలిక్కిపడతాను. ఆల్ట్ టెక్స్ట్ అంటే చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వివరణ. కష్టపడి నాలుగు వాక్యాలు రాశాను: గోధుమ రంగు వెంట్రుకలు, ముందు కళ్లలో నీలం మెరుపు, కుడివైపు ముందు కాలు ఎత్తి ఉంది అని. మళ్లీ పెట్టాను. రాత్రికి పాతిక బూస్టులు, అందులో ఒకరు ఆ ఎత్తిన కాలు చూసి అది మగదని చెప్పారు! ఇంకో లాభం కూడా ఉంది, సెర్చ్ ఉన్న సర్వర్లలో ఆల్ట్ టెక్స్ట్‌లోని మాటలు కూడా వెతుకులాటలో దొరుకుతాయి.

బూస్ట్ గురించి ఇంకో మాట. ఇక్కడ ఫేవరెట్ కొడితే రాసినవాళ్లకి సంతోషం, అంతే, దానివల్ల పోస్టు ఇంకొకరి హోమ్‌లోకి పోదు. ఒక పోస్టు ఒకరి నుంచి ఇంకొకరికి చేరేది బూస్ట్ వల్లే. కాబట్టి కొత్త మనుషుల్ని వెతకాలంటే మంచి పోస్టు రాసినవాళ్ల కన్నా దాన్ని బూస్ట్ చేసినవాళ్ల జాబితా చూడండి. నా ఫాలోల్లో సగం అక్కడినుంచే వచ్చాయి. ఎక్స్‌ప్లోర్ పేజీలో ట్రెండింగ్ ఉంటుంది కానీ మామూలుగా మోడరేటర్లు, అంటే పోస్టుల మీద కన్నేసి ఉంచే మనుషులు, ఒప్పుకున్నాకే అక్కడ పైకి వస్తాయి, దానివల్ల చెత్త తక్కువ, ఒప్పుకుంటాను, కానీ చిన్న గుంపులు కూడా అక్కడ తక్కువే. వార్తలు, సాఫ్ట్‌వేర్ గొడవలు, మాస్టోడాన్‌లో మాస్టోడాన్ గురించే చర్చలు. వారానికోసారి చూస్తే చాలు.

మూడో నెలలో సర్వర్ మారాను. ప్రకృతి, జీవశాస్త్రం మనుషులు ఎక్కువున్న సర్వర్‌కి. మారడం సులువే, ఫాలోవర్లు వెంట వస్తారు, మనం ఫాలో అయ్యేవాళ్ల జాబితా ఫైలుగా దించుకుని కొత్తచోట ఎక్కించుకోవచ్చు. పోస్టులు మాత్రం రావు, అవి పాత ఇంట్లోనే ఉంటాయి. ఒకసారి మారితే 30 రోజుల దాకా మళ్లీ మారడానికి లేదు. మారాక తేడా ఎంతంటే, ఈ సర్వర్‌లోని వాళ్ల పోస్టులే ఉండే లోకల్ టైమ్‌లైన్ తెరిస్తే చాలు, పొద్దున్నే ఒకరు పక్షి, ఒకరు పురుగు, ఒకరు పుట్టగొడుగు. వెతకాల్సిన పనే సగం తప్పింది. మొదటే ఇక్కడ చేరి ఉంటే మూడు నెలలు మిగిలేవి.

నేను మారిన ఐదు వారాలకి ఆ పాత బుల్లి సర్వర్ చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఒక్క ఎర్రర్ పేజీ. అక్కడే ఉండిపోయినవాళ్ల ఫాలోలు, ఫోటోలు అన్నీ పోయినట్టే. ఇందుకే చేరేముందు ఒకటి చూసుకోండి: మాస్టోడాన్ అధికారిక సైట్‌లో సర్వర్ల జాబితా ఉంది, అందులో ఉండాలంటే రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసరంలో సర్వర్‌ని చూసుకోగల ఇంకో మనిషి ఉండాలి, మూసేస్తే కనీసం 3 నెలల ముందు చెప్పాలి అనే ఒప్పందానికి అడ్మిన్లు తలూపాలి. తలూపినంత మాత్రాన గ్యారంటీ ఏమీ లేదు, కానీ అసలు ఊపనివాళ్ల కంటే నయం. విషయాన్ని బట్టి సర్వర్లని వడపోసి చూపించే వీలు కూడా ఆ జాబితాలో ఉంది, నేను అప్పుడు చూడలేదు, పేరు ముద్దుగా ఉందని పోయాను కదా.

ఇక బ్లూస్కై. 2019లో ట్విట్టర్ లోపల, అప్పటి దాని అధిపతి జాక్ డోర్సీ మొదలుపెట్టించిన ఆలోచన ఇది, తర్వాత విడి కంపెనీ అయింది, 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం అక్కర్లేకుండా అందరికీ తెరిచారు. ఇది యాక్టివిటీపబ్ కాదు, ఏటీ ప్రోటోకాల్ అని వీళ్లది వేరే పద్ధతి. నిజం చెప్పాలంటే గుంపుని వెతికే విషయంలో మాస్టోడాన్‌లో నేను నెల పట్టి చేసింది ఇక్కడ పావుగంటలో అయిపోయింది. స్టార్టర్ ప్యాక్ అని ఉంటుంది, 2024 జూన్‌లో తెచ్చారు, ఎవరైనా ఒక విషయం మీద 150 మంది దాకా మనుషుల్ని, కొన్ని ఫీడ్లని (ఒక విషయం మీద ఏరిన పోస్టుల వరసలని) ఒక కట్టగా కట్టి లింక్ ఇవ్వొచ్చు, ఒక్క నొక్కుతో అందర్నీ ఫాలో అవ్వొచ్చు. సాలీళ్ల శాస్త్రవేత్తల కట్ట ఒకటి దొరికింది. నొక్కాను. ఊరు ఊరంతా దిగిపోయింది.

సెర్చ్ కూడా ఇక్కడ మాట కొడితే పోస్టు వస్తుంది, నువ్వెక్కడున్నావు, నీ సర్వర్‌కి తెలుసా అనే ప్రశ్నలు లేవు. ఎందుకంటే వీళ్ల పద్ధతిలో అకౌంట్ల డేటా వేర్వేరు చోట్ల ఉన్నా, రిలే అనేది అందరి పోస్టుల్నీ ఒకచోటికి పోగేస్తుంది, యాప్ దాని మీద నడుస్తుంది. అందరూ ఒకే చెరువుకి నీళ్లకి వచ్చినట్టు, అక్కడ నిలబడితే అందరూ కనపడతారు. కానీ ఆ చెరువు గట్టు ఎవరి చేతిలో ఉందనేదే గొడవ. కావాలంటే వేరేవాళ్లు కూడా రిలే నడపొచ్చు, అకౌంట్‌ని వేరే చోటికి తరలించుకోవచ్చు, ఆచరణలో మాత్రం చాలా ఎక్కువ మంది అకౌంట్లు ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. కాబట్టి దీన్ని డీసెంట్రలైజ్డ్ అనొచ్చా అని మాస్టోడాన్‌వాళ్లు రోజుకోసారి పంచాయితీ పెడతారు. నాకు ఆ పంచాయితీలో ఓపిక లేదు, కానీ మాస్టోడాన్‌లో అంత కష్టం ఎందుకు పడాల్సి వచ్చిందో, ఇక్కడ ఎందుకు పడలేదో ఈ చెరువు చూశాకే అర్థమైంది.

బ్లూస్కైలో నాకు ఇంకా నచ్చింది కస్టమ్ ఫీడ్లు. ఏ పోస్టులు చూపించాలో ఆ పద్ధతిని కంపెనీయే కాదు, ఎవరైనా తయారుచేసి పెట్టొచ్చు, మనకి నచ్చింది పైన పిన్ చేసుకోవచ్చు. నల్లజాతి వాడకందారుల కోసం రూడీ ఫ్రేజర్ మొదలుపెట్టిన బ్లాక్‌స్కై ఇలా ఫీడ్‌గా మొదలై, సొంత మోడరేషన్, సొంత సర్వర్లదాకా పెరిగింది. ఫీడ్ అంటే కేవలం వడపోత కాదు, గుంపు నిలబడే అరుగు కూడా అని దాన్ని చూస్తే తెలుస్తుంది. అయితే అన్ని ఫీడ్లూ అలా ఉండవు. నేను పిన్ చేసుకున్న ఒక సాలీళ్ల ఫీడ్‌ని ఎవరో ఉట్టి మాట పట్టుకుని తయారుచేసినట్టున్నారు, తెరిస్తే గోడలెక్కే సూపర్‌హీరో బొమ్మలు, స్పైడర్ అనే పేకాట స్కోర్లు, ఇంటి మూలలో సాలీడుని చూసి అరిచినవాళ్ల కథలు. అసలు సాలీడు ఆరో పోస్టులో. చేసినవాళ్లు దాన్ని వదిలేసి వెళ్లిపోయారనుకుంటా. ఫీడ్ పిన్ చేసేముందు కనీసం ఇరవై పోస్టులు కిందికి జరిపి చూడండి.

స్టార్టర్ ప్యాక్‌కి కూడా ఒక పక్కదెబ్బ ఉంది. నొక్కింది సాలీళ్ల కోసం, కానీ వచ్చింది మనుషులు. వాళ్లకి ఎన్నికలున్నాయి, ఉద్యోగాల బాధలున్నాయి, పిల్లులున్నాయి. తొంభై మంది ఒకేసారి దిగేసరికి రోజుకి సాలీళ్లు నాలుగు, మిగతా ప్రపంచం నాలుగు వందలు. అందర్నీ ఫాలో నొక్కకుండా ప్యాక్ తెరిచి, పోస్టులు చూసుకుంటూ పది మందిని ఏరుకోవడం మేలు. మాస్టోడాన్‌లో ఒక్కొక్కర్ని మోసుకొచ్చాను కాబట్టి వాళ్ల పేర్లన్నీ నాకు గుర్తు. ఇక్కడ ఫాలో అయిన తొంభై మందిలో ఎవరెవరో ఇప్పటికీ తెలీదు. ఇది వాళ్ల తప్పు కాదు, నాదే.

లెమ్మీ వేరే రకం. ఇక్కడ మనుషుల్ని కాదు, విషయాల్నే ఫాలో అవుతాం. రెడిట్ అనే పెద్ద చర్చల సైట్, బయటి యాప్‌లు దాని డేటా వాడుకునే దారి అయిన ఏపీఐకి ఛార్జీలు పెట్టబోతుందని 2023 జూన్‌లో నిరసనగా బయటికొచ్చిన జనంలో చాలామంది చేరింది ఇందులోనే. కాగితం మీద చూస్తే గుంపుని వెతుక్కునేవాడికి ఇంతకన్నా సరిపోయేది లేదు, ఎందుకంటే గుంపే ఇక్కడ మొదటి వస్తువు. ఆచరణలో ఏమైందంటే సాలీళ్ల కమ్యూనిటీలు నాకు వేర్వేరు సర్వర్లలో నాలుగు దొరికాయి. ఒకే పేరు, ఒకే ఉద్దేశం. ఒకదాంట్లో చివరి పోస్టు తొమ్మిది నెలల కిందటిది, ఒకదాంట్లో మోడరేటర్ ఒక్కడే ఎవరూ లేని గదిలో రోజూ పోస్టు పెట్టుకుంటున్నాడు, పాపం. నాలుగూ కలిస్తే ఒక మంచి ఊరయ్యేది. ఈ ముక్కలైపోవడం లెమ్మీ లాంటివాటి పుట్టుకతో వచ్చిన జబ్బు, ఎవరి సర్వర్‌లో వాళ్లు అదే పేరుతో తెరవొచ్చు కాబట్టి. దీనికి మందుగా పైఫెడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఒకే విషయం మీదున్న కమ్యూనిటీల్ని ఒక అంశం కింద కలిపి చూపించే ఏర్పాటు ఉంది, నేనిప్పుడు లెమ్మీ కమ్యూనిటీల్ని అందులోంచే చదువుతున్నాను, అవి రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

లెమ్మీలో 'ఆల్' అని ఉంటుంది, దాన్ని చూసి ఇదే మొత్తం అనుకోకండి. మన సర్వర్‌లో ఎవరో ఒకరు చేరిన కమ్యూనిటీలే అందులో ఉంటాయి, మాస్టోడాన్ కథే మళ్లీ. బయట ఏమున్నాయో చూడాలంటే లెమ్మీ ఎక్స్‌ప్లోరర్ అని ఒక సైట్ ఉంది, సర్వర్లన్నీ తిరిగి కమ్యూనిటీల జాబితా తయారుచేస్తుంది, చందాదారులు ఎందరు, ఈమధ్య చురుగ్గా ఉన్నవాళ్లు ఎందరు అనేది కూడా చూపిస్తుంది. ఆ రెండో అంకె చూడండి, మొదటిది మోసం, చేరి వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ. ఆశ్చర్యార్థకం గుర్తుతో మొదలయ్యే కమ్యూనిటీ అడ్రసుని తెచ్చి మన సెర్చ్‌లో పెడితే తలుపు తెరుచుకుంటుంది, ఒక్కోసారి రెండుసార్లు కొట్టాలి. లోపలికెళ్లాక వరస పెట్టే పద్ధతిని 'స్కేల్డ్'కి మార్చండి. 2023 డిసెంబర్‌లో వచ్చిన 0.19 వెర్షన్‌లో చేర్చారు, చిన్న కమ్యూనిటీల పోస్టుల్ని కాస్త పైకెత్తుతుంది. లేకపోతే పెద్ద కమ్యూనిటీల మీమ్‌ల కింద మన సాలీడు నలిగిపోతుంది. నా మట్టుకు మొత్తం లెమ్మీలో అత్యంత విలువైన మీట అదే, దాన్నేమో మెనూలో ఎక్కడో మూలన పెట్టారు.

ఇంకో సంగతి, ఒక గుంపు ఎక్కడా కనపడకపోతే అది లేదని కాదు, మన అడ్మిన్ ఆ సర్వర్‌ని తెంచేసి ఉండొచ్చు. డీఫెడరేషన్ అంటారు. 2023 జూన్‌లో బీహా అనే లెమ్మీ సర్వర్, కొత్త జనం వెల్లువని మోడరేట్ చేయలేక, లెమ్మీ వరల్డ్ అనే పెద్ద సర్వర్‌తో సంబంధం తెంచేసుకుంది. వాళ్ల కారణం వాళ్లకుంది, అడ్మిన్లు జీతం లేని మనుషులు. కానీ లోపలున్నవాడికి సగం ఊరు రాత్రికి రాత్రి మాయం. లెమ్మీలో తెంచేసిన సర్వర్ల జాబితా సైట్ కింద లింక్‌లో ఉంటుంది, మాస్టోడాన్‌లో చాలా సర్వర్లు అబౌట్ పేజీలో పెడతాయి. చేరేముందు రెండు నిమిషాలు అది చదవండి. ఆ జాబితా చూస్తే ఆ అడ్మిన్ ఎలాంటి మనిషో కూడా తెలిసిపోతుంది.

మాస్టోడాన్ నుంచే లెమ్మీ కమ్యూనిటీని ఫాలో అవ్వొచ్చని ఎవరో చెబితే ఉత్సాహంగా చేశాను. పని చేస్తుంది. ఎంత బాగా చేస్తుందంటే కమ్యూనిటీలో పడ్డ ప్రతి పోస్టూ, ప్రతి కామెంటూ బూస్ట్‌గా నా హోమ్‌లోకి దూకింది, 'అవును', 'హహహ', 'నిజమే' అన్నవి కూడా. రెండు గంటల్లో తీసేశాను. పిక్సెల్‌ఫెడ్ ఫోటోలకి బాగుంది, కానీ నా ఫోటోల మనుషులు మాస్టోడాన్‌లోనే ఉన్నారు, అక్కడినుంచి పిక్సెల్‌ఫెడ్ వాళ్లూ కనపడతారు కాబట్టి విడిగా అకౌంట్ అక్కర్లేకపోయింది. వీడియోలకి పీర్‌ట్యూబ్, దానికి ఫ్రామాసాఫ్ట్ అనే ఫ్రెంచ్ సంస్థ నడిపే సీపియా సెర్చ్ ఉంది, చాలా సర్వర్ల వీడియోల్ని ఒకేచోట వెతుకుతుంది, గూడు అల్లడం గురించి మంచి వీడియోలు రెండు దొరికాయి. నాస్టర్ అనే ఇంకో డీసెంట్రలైజ్డ్ నెట్‌వర్క్ కూడా చూశాను, అక్కడ అకౌంట్ అంటే ఒక రహస్య తాళంచెవి, పోతే తిరిగి ఇచ్చేవాడు లేడు. సాలీళ్లు లేవు, బిట్‌కాయిన్ చాలా ఉంది.

బ్లూస్కైకీ మాస్టోడాన్‌కీ మధ్య బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఉంది. దాని అకౌంట్‌ని ఫాలో అయితే మనం అటువైపు కనపడతాం, కానీ అవతలి మనిషి కూడా తనవైపు నుంచి అదే చేసి ఉండాలి, కాబట్టి నా బ్లూస్కై సాలీళ్లవాళ్లలో వంతెన దాటినవాళ్లు ఆరుగురే. వాళ్లలో ఒకాయన సాలీళ్ల మీద ఉద్యోగరీత్యా పని చేసే మనిషి. మసకగా వచ్చిన ఫోటో పెట్టినా కళ్ల వరస చూసి కుటుంబం చెప్పేస్తాడు, జాతి చెప్పమంటే మాత్రం 'మైక్రోస్కోప్ కింద చూడకుండా నన్ను ఇరికించకండి' అంటాడు.

మార్కులు అడిగితే, గుంపుని వెతికిపెట్టడంలో మాత్రమే: బ్లూస్కైకి 5లో 4, స్టార్టర్ ప్యాకులు, సెర్చ్ వల్ల. మాస్టోడాన్‌కి మొదటి నెల 2, సరైన సర్వర్ దొరికాక 4.5. ఇదేం లెక్క అంటారేమో, నిజంగా రెండు వేర్వేరు చోట్లలాగే అనిపించింది. లెమ్మీకి 2.5, అందులో ఒకటి ఆ స్కేల్డ్ మీటకే. రోజూ తెరిచేది మాత్రం మాస్టోడాన్‌నే, ఎందుకంటే అక్కడ నా ఫోటో కింద మాట్లాడేవాళ్లు ఎక్కువ, బ్లూస్కైలో లైకులు ఎక్కువ.

మర్చిపోయాను, ఒక సెట్టింగ్ ఉంది. మాస్టోడాన్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్తే ప్రైవసీ అండ్ రీచ్ అని పేజీ ఉంటుంది, అక్కడ మీ ప్రొఫైల్‌నీ పోస్టుల్నీ ఇతరులకి సూచించడానికి ఒక టిక్, పబ్లిక్ పోస్టుల్ని సెర్చ్‌లో చేర్చడానికి ఇంకో టిక్. ముందే ఆన్ అయి ఉంటాయని అనుకోకండి. అలాగే పోస్టు 'క్వయట్ పబ్లిక్'గా పెడితే హ్యాష్‌ట్యాగ్ పేజీల్లో రాదు. నేను ఐదు నెలలపాటు 'ఇక్కడ ఎవరూ నన్ను కనిపెట్టట్లేదు, ఇదేం ఊరు' అని కనపడ్డ ప్రతివాడితో గొణిగాను. తర్వాత చూస్తే నా టిక్కులు రెండూ ఆఫ్‌లో ఉన్నాయి.